ధాత కరువు ముఖాలను తీసిన సైనికుడు: కర్నల్ హూపర్ కెమెరా కథ

తెలుగు పంచాంగం ప్రకారం 1876–77 ధాత నామ సంవత్సరం. ఆ యేట మద్రాసు రాజధానిని ముంచెత్తిన క్షామాన్ని తెలుగువారు ధాత కరువు అన్నారు. పొరుగింటి తమిళులు తాదు వరుష పంజం అన్నారు. పేరు రెండు భాషలలో పలికినా ఆకలి ఒక్కటే. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాలు రెండూ ఆ కరువు పాలబడిన నేలలే. తిరువళ్ళూరు అప్పుడు చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. తిరుత్తణి కార్వేటినగరం జమీందారీ కింద, ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది.

ఆ కరువును మాటలతో వర్ణించిన గ్రంథాలు ఉన్నాయి. అంకెలతో లెక్కించిన నివేదికలు ఉన్నాయి. కాని ఆకలికి చిక్కిన మనుషుల ముఖాలు నేటికీ కనబడుతున్నాయంటే అందుకు ప్రధాన కారకుడు ఒక సైనికాధికారి. ఆయన పేరు విల్లోబీ వాలెస్ హూపర్. మద్రాసు సైన్యపు అశ్విక దళంలో పనిచేసిన ఈయన కరువు చిత్రాలు తీసిన తొమ్మిదేళ్ళ తరువాత బర్మా యుద్ధంలోనూ కెమెరా పట్టాడు. అక్కడ ఆయన తీసిన చిత్రాల గొడవ లండన్ పార్లమెంటు వరకు వెళ్ళింది. ఈ రెండు ఘట్టాలను కలిపి చూసినప్పుడే ఆ మనిషి జీవితం, ఆయన మిగిల్చిన చిత్రాల విలువ సరిగా బోధపడతాయి.

కత్తితో పాటు కెమెరా

హూపర్ 1837లో లండన్ సమీపంలో జన్మించాడు. 1858లో, అంటే సిపాయిల తిరుగుబాటు చల్లారుతున్న కాలంలో, మద్రాసు సైన్యంలో 7వ అశ్విక దళంలో చేరాడు. తరువాత 4వ అశ్విక దళానికి మారాడు. చేరిన కొద్దికాలానికే ఛాయాగ్రహణం అభ్యసించాడు.

సైనికాధికారి కెమెరా పట్టడం ఆనాడు వింత కాదు. ఈస్టిండియా కంపెనీయే తన అధికారులను ఈ విద్య నేర్వమని ప్రోత్సహించింది. కోటలు, గుళ్ళు, దారులు, జాతులు అన్నీ కాగితం మీదికి ఎక్కాలన్నది ఏలికల కోరిక. హూపర్ కంటె ముందు మద్రాసు సైన్యానికే చెందిన లినీయస్ ట్రైప్ 1856లో మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడుగా నియమితుడై మదుర, తంజావూరు ఆలయాలను చిత్రించాడు. అదే యేట మద్రాసులో ఛాయాగ్రాహకుల సంఘం కూడా వెలిసింది.

1860 దశకంలో హూపర్‌కు మధ్య పరగణాలలోని జాతుల చిత్రాలు తీసే పని అప్పగించారు. ఆ చిత్రాలలో కొన్ని ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అనే బృహత్సంపుటాలలో చేరాయి. 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ఆ గ్రంథం ఈ దేశపు కులాలను, తెగలను బొమ్మలతో వర్గీకరించింది. అందులో మనిషి ముఖ్యం కాదు, ఆ మనిషి ఏ తెగకు నమూనా అన్నది ముఖ్యం.

ఆ తరువాత పశువైద్యాధికారి జార్జి వెస్టర్న్‌తో కలిసి హూపర్ పులివేట చిత్రాల వరుస ఒకటి తీశాడు. దొరలు ఏనుగులెక్కి పులిని కొట్టే దృశ్యాలవి. నిజానికి అవి వేట జరుగుతుండగా తీసినవి కావు. మనుషులను, మృగాన్ని నాటకంలో వలె అమర్చి, కదలకుండా నిలిపి తీసినవి. అలా ఎందుకు చేయవలసి వచ్చిందో తెలియాలంటే ఆనాటి కెమెరా పనితీరు కొంత తెలియాలి.

తడి పలక కట్టడి

ఆనాడు ఫిల్ము లేదు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని పలుచగా పోసి, చీకటిలో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి తీసేవారు. పలక తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీయాలి. తీసిన వెంటనే చీకటి గుడారంలోకి పరుగెత్తి మందునీళ్ళతో కడగాలి. తడి ఆరితే పలక చెడిపోతుంది. మద్రాసు ఎండలో ఆ తడి నిలిచేది కొన్ని నిమిషాలే. అందువల్ల ఛాయాగ్రాహకుని వెంట గుడారం, గాజు పలకల పెట్టెలు, మందు సీసాలు, నీళ్ళ కడవలు, వాటిని మోసే కూలీలు నడిచేవారు.

ఇంకొక కట్టడి కూడా ఉండేది. బొమ్మ పడడానికి కొన్ని సెకన్లు పట్టేది. అంతసేపు ఎదుట ఉన్నవారు కదలరాదు. కదిలితే ముఖం చెదిరిపోతుంది. పారే నీరు పొగమంచులా, ఊగే కొమ్మ మసకగా కనబడేవి. కనుక ఆనాటి యుద్ధ చిత్రాలలో యుద్ధం ఉండదు. క్రిమియా యుద్ధానికి 1855లో వెళ్ళిన రోజర్ ఫెంటన్ తీసినవి విడిదులు, అధికారులు, గుండ్లు పడి ఉన్న ఖాళీ లోయ మాత్రమే. 1858లో లక్నోకు వచ్చిన ఫెలీస్ బియాతో పోరు ముగిసిన నెలల తరువాత సికందర్ బాగ్ ముంగిట ఎముకలు పరచి ఉన్న దృశ్యాన్ని తీశాడు. కెమెరాకు కావలసినది నిశ్చలత్వం. అది బలవంతులైన దొరల దగ్గర ఓపికగా కూర్చోవడం వల్ల దొరికేది. బలహీనుల దగ్గర అడగకుండానే దొరికేది.

కరువు కెమెరా ముందుకు వచ్చినప్పుడు

1876లో నైరుతి వానలు ముఖం చాటేశాయి. చెంగల్పట్టు, ఉత్తర ఆర్కాటు సీమలకు ప్రాణాధారమైన ఆశ్వయుజ, కార్తీక మాసాల ఈశాన్య వానలు కూడా రాలేదు. చెరువుల మీద ఆధారపడిన ఊళ్ళు ఇవి. చెరువు నిండకపోతే మడి లేదు, మడి లేకపోతే రైతుకే కాదు, కూలీకి కూడా తిండి లేదు. పసిఫిక్ సముద్రజలాలు అసాధారణంగా వేడెక్కడం వల్ల, అంటే ఎల్ నినో ప్రభావం వల్ల, ఆ యేళ్ళలో అనేక దేశాలలో వానలు తప్పాయని నేటి శాస్త్రజ్ఞులు వివరిస్తున్నారు.

అయితే వాన లేకపోవడం ఒక్కటే ఇన్ని ప్రాణాలు తీయలేదు. మద్రాసు నుంచి తిరువళ్ళూరు మీదుగా పోయే రైలుమార్గం 1856లోనే ఏర్పడింది. అరక్కోణం నుంచి తిరుత్తణి మీదుగా రాయచూరు వైపు సాగే మార్గం 1871 నాటికి పూర్తయింది. రైలు ఉంది కనుక ధాన్యం వస్తుందని అధికారులు నమ్మారు. కాని రైలు ధాన్యాన్ని తెచ్చినట్లే, ఎక్కువ ధర పలికే చోటికి తరలించుకుపోగలదు కూడా. ధరలు రెండింతలు దాటాయి. బజారులో బియ్యం ఉన్నా కొనే శక్తి కూలీ చేతిలో లేదు. దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు మహావైభవంగా జరిపాడు. మద్రాసు సీమ అప్పటికే ఆకలితో అల్లాడుతోంది.

ఖర్చు తగ్గించే బాధ్యతతో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులలోని కూలీని కోసివేశాడు. దినమంతా మట్టి మోసిన మగవానికి ఒక పౌను, అంటే దాదాపు 450 గ్రాముల ధాన్యం, దానితో కొద్దిపాటి చిల్లర దక్కేవి. ఈ కూలీతో మనిషి బ్రతకలేడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించిన తరువాతగాని అది కొంత పెరగలేదు. మద్రాసు నగరంలో అడయారు, కూవం నదులను కలిపిన కాలువ భాగం ఆ కరువు కూలీల చేతులమీదుగా తవ్వబడినదే. ఆనాటి గవర్నరు పేరిట అది బకింగ్‌హాం కాలువ అయింది. ఎన్నూరు, పులికాట్ మీదుగా నెల్లూరు సీమ వైపు సాగే జలమార్గం అదే.

ఈ దశలో హూపర్ కరువు శిబిరాలలో చిత్రాలు తీశాడు. డొక్కలు లెక్కపెట్టగలిగిన పిల్లలు, చర్మం ఎముకకు అంటుకుపోయిన తల్లులు, ఒకరినొకరు ఆనుకొని కూర్చున్న కుటుంబాలు ఆ చిత్రాలలో ఉన్నాయి. మనుషులను అమర్చి కూర్చోబెట్టి తీసినవే ఎక్కువ. జాతుల గ్రంథానికి మనుషులను నిలబెట్టిన పద్ధతే ఇక్కడా కనిపిస్తుంది. కొన్నింటి కింద ఉచిత సహాయానికి అర్హులైన వారు అన్న అర్థం వచ్చే మాటలు వ్రాశారు. ఆ మనుషుల పేర్లు మాత్రం వ్రాయలేదు.

ఆ కాలపు వార్తాపత్రికలు ఛాయాచిత్రాన్ని నేరుగా అచ్చువేయలేకపోయేవి. చిత్రాన్ని చూసి కొయ్యమీద బొమ్మ చెక్కి అచ్చొత్తేవారు. అలా 1877లో మద్రాసు కరువు బొమ్మలు లండన్ సచిత్ర వారపత్రికలలో వెలువడ్డాయి. అదే యేడు ఆగస్టులో లండన్ నగరాధిపతి ఆధ్వర్యాన ప్రారంభమైన సహాయనిధికి దాదాపు 7 లక్షల పౌండ్లు పోగయ్యాయి. ఆ నిధి మద్రాసు సంఘానికి కార్యదర్శిగా పనిచేసిన పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ 1878లో రెండు సంపుటాలుగా కరువు చరిత్ర వ్రాశాడు. బొమ్మలు, లేఖలు, తంతివార్తలు కలిసి దూరాన ఉన్న జనాన్ని కదిలించాయనడంలో సందేహం లేదు.

ఐనా హూపర్ మీద ఒక విమర్శ నిలిచిపోయింది. ఆకలిగొన్నవారిని గుంపులుగా రప్పించి, బొమ్మ తీసుకొని, పిడికెడు అన్నమైనా పెట్టకుండా పంపివేశాడని ఛాయాగ్రహణ చరిత్రలలో ఒక కథనం ప్రచారంలో ఉంది. దానిలోని నిజానిజాలు ఎలా ఉన్నా, ఆ కథనం పుట్టడానికి కారణం చిత్రాలలోనే ఉంది. ఎదుటివాని కష్టాన్ని అంత నిదానంగా, అంత శ్రద్ధగా అమర్చి తీసినవాడు ఆ తరువాత ఏమి చేశాడు అన్న ప్రశ్న చూచిన ప్రతివారికీ కలుగుతుంది.

ఆ కరువు మద్రాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాలలో 50 లక్షలకు పైగా ప్రాణాలను బలిగొన్నదని చరిత్రకారుల అంచనా. 1871 జనాభా లెక్కలలో 3 కోట్ల 12 లక్షలున్న మద్రాసు రాజధాని జనాభా 1881లో పెరగడం మాట అటుంచి, 3 కోట్ల 8 లక్షలకు పడిపోయింది.

మాండలే గోడ దగ్గర

1885 అక్టోబరులో బ్రిటిషు ప్రభుత్వం బర్మా రాజు థీబాకు తుది హెచ్చరిక పంపింది. టేకు వ్యాపారం చేసే ఒక బ్రిటిషు కంపెనీకి బర్మా దర్బారు విధించిన జరిమానా అందుకు సాకు. నవంబరు మొదట్లో మద్రాసు రేవు నుంచి దండు ఓడలెక్కింది. మద్రాసు సైన్యపు సిపాయిలలో తెలుగువారు, తమిళులు కలిసి ఉండేవారు. సైన్యం నవంబరు 14న సరిహద్దు దాటింది. 28న మాండలే లొంగిపోయింది. మరునాడు రాజును పడవ ఎక్కించారు. ఆయనను మొదట మద్రాసుకు, ఆపై రత్నగిరికి తరలించారు. 1916లో అక్కడే మరణించాడు.

ఈ దండయాత్రలో హూపర్ ప్రొవోస్ట్ మార్షల్. అంటే సైన్యంలో శాంతిభద్రతలు చూసి, శిక్షలు అమలుజరిపే అధికారి. అదే మనిషి దండయాత్రకు ఛాయాగ్రాహకుడు కూడా. మద్రాసు రేవులో ఓడలెక్కడం మొదలు థీబా పట్టుబడడం వరకు, మాండలే దృశ్యాలతో సహా, నూరు చిత్రాల సంపుటాన్ని 1887లో ప్రచురించాడు. బర్మాలోని మూడవ యుద్ధాన్ని లోకం చూచినది చాలామట్టుకు ఆ చిత్రాల ద్వారానే.

రాజు పోయాడు గాని పోరు పోలేదు. 1886 జనవరి 1న ఎగువ బర్మాను బ్రిటిషు రాజ్యంలో కలుపుకున్నారు. చెదిరిపోయిన థీబా సైనికులు, పల్లె నాయకులు అడవులు పట్టి పోరాడారు. ఏలికలు వారందరికీ బందిపోట్లు అని ఒకే పేరు పెట్టారు. పట్టుబడినవారిని గోడకు నిలబెట్టి కాల్చివేశారు. అక్కడే హూపర్ కెమెరా నిలిపాడు.

1886 జనవరిలో లండన్ టైమ్స్ పత్రికలో ఆ పత్రిక విలేఖరి మొయిలన్ పంపిన తంతివార్త అచ్చయింది. తుపాకులు ఎక్కుపెట్టిన తరువాత, కాల్చమన్న ఆజ్ఞకు ముందు, పలక మీద ఆ క్షణం పడేవరకు ప్రొవోస్ట్ మార్షల్ బందీలను నిలిపి ఉంచుతున్నాడని దాని సారాంశం. ఒక బందీని చావు భయం పెట్టి ఇతరులపై సాక్ష్యం చెప్పించే ప్రయత్నం జరిగిందన్న ఆరోపణ కూడా అందులో ఉంది. మొయిలన్‌కు సేనాధిపతి ప్రెండర్‌గాస్ట్‌కు అంతకుముందే వైరం ఉన్నమాట వాస్తవం. ఐనా వార్త కల్పితం కాలేదు. పార్లమెంటులో ప్రశ్నలు లేచాయి. భారత వ్యవహారాల మంత్రి రాండాల్ఫ్ చర్చిల్ వైస్రాయి డఫరిన్‌ను సంజాయిషీ అడిగాడు. సైనిక విచారణ జరిగింది. హూపర్ చిత్రాలు తీసినమాట నిజమని తేలింది. చివరకు ఆయనను బహిరంగంగా మందలించి వదిలిపెట్టారు.

ఇక్కడ గమనింపదగిన సంగతి ఒకటి ఉంది. 1880 నాటికి పొడి పలకలు విరివిగా అమ్మకానికి వచ్చాయి. గుడారం అక్కరలేదు, తడి ఆరుతుందన్న తొందర లేదు, సెకనులో కొద్ది భాగంలో బొమ్మ పడుతుంది. మునుపు కెమెరాకు దొరకని క్షణం ఇప్పుడు దొరుకుతుంది. గుండు తగిలిన క్షణాన మనిషి ముఖం ఎలా ఉంటుందో పట్టుకోవాలన్న ఆశ ఆ సౌకర్యం వల్లనే సాధ్యమైంది. కరువు శిబిరంలో నీరసించిన జనం పలక కోసం కదలకుండా కూర్చున్నారు. మాండలేలో చావు పలక కోసం ఆగవలసి వచ్చింది. పరికరం మారింది, పట్టిన చేయి మారలేదు.

హూపర్ కొలువు ఆ గొడవతో ముగియలేదు. 1896లో కర్నల్ హోదాలో విరమించి, 1912లో ఇంగ్లండులో మరణించాడు.

ఈ చిత్రాలను ఎలా చూడాలి

హూపర్ తీసిన కరువు చిత్రాలు లండన్‌లోని వెల్కమ్ సంగ్రహం వంటి చోట్ల భద్రంగా ఉన్నాయి. పుస్తకాలలోను, కంప్యూటరు తెరమీదను విరివిగా కనిపిస్తున్నాయి. వాటిని చూచినవారికి మొదట కలిగేది దుఃఖం, తరువాత కలిగేది కోపం. రెండూ న్యాయమే. తీసినవాని మనసు మెత్తనిది కాదు కనుక ఆ చిత్రాలు అబద్ధాలని త్రోసిపుచ్చరాదు. ధాత కరువులో జనం ఆకలితో చావలేదని ఎవరూ అనలేకుండా చేసిన సాక్ష్యం అది. అలాగే, సాక్ష్యం కనుక తీసినవాడు పుణ్యాత్ముడని ఎంచనక్కరలేదు. రెండు సంగతులూ ఒకే పలకమీద ఉన్నాయి.

ఆ పలకలలో కొరవడినది ఒక్కటే: పేరు. ఆ తల్లి ఏ ఊరిది, ఆ బిడ్డను ఏమని పిలిచేవారు, వారిలో ఎవరు బ్రతికి బయటపడ్డారు అన్నది తీసినవానికి అవసరం లేకపోయింది. సరిహద్దు పల్లెల కుటుంబాలకు ఈ లోటు కొత్తది కాదు. తిరుత్తణి 1911 వరకు ఉత్తర ఆర్కాటులో, ఆపై చిత్తూరు జిల్లాలో ఉంది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. ఒకే ఇంటి పూర్వీకుల కాగితాలు ఇన్ని చేతులు మారాయి. తాతముత్తాతల కాలం నాటి సంగతులు వెదకదలచినవారు ఈ వరుసను గుర్తుంచుకోవాలి. 1879లో వెలువడిన చెంగల్పట్టు జిల్లా మాన్యువల్, 1881లో వెలువడిన ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్ ఆనాటి సీమ స్థితిగతులు తెలిపే గ్రంథాలు. ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు రాజధాని కాలపు ప్రభుత్వ పత్రాలు ఉన్నాయి.

ఇంతకంటె సులభమైన పని ఒకటి ప్రతి ఇంటా ఉంది. గోడకు వ్రేలాడే పాత ఫొటోలు, ట్రంకు పెట్టెలో అడుగున పడి ఉన్న పెళ్ళి ఫొటోలు, పట్టాళానికి వెళ్ళిన మామయ్య యూనిఫాంలో దిగిన ఫొటో — వీటిలో ఉన్నవారెవరో చెప్పగలిగిన అవ్వ, తాత ఇంకా ఇంట్లో ఉన్నప్పుడే అడగాలి. ఫొటో వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, వరుస, ఊరు, తెలిస్తే సంవత్సరం వ్రాయాలి. సిరా పెన్ను వాడితే మరక ముందువైపుకు దిగే ప్రమాదం ఉంది. ఇంట్లో తెలుగు చదివే పిల్లలు, బడిలో తమిళం చదివే పిల్లలు ఇద్దరూ ఉంటే రెండు లిపులలోనూ వ్రాయడం మంచిది.

కర్నల్ హూపర్ ఎంతో శ్రమపడి, గుడారాలు మోయించి, పలకలు కడిగి వందల ముఖాలను కాలానికి అందించాడు. ఒక్క పేరు వ్రాయడానికి మాత్రం ఆయనకు తీరిక చిక్కలేదు. ఆ పని ఎవరి ఇంటి ఫొటోలకు వారు చేసుకోగలరు.